ఇసాంగ్ చెవి

ఆ రేవులో ధర ఎవరూ పైకి చెప్పరు. పడవల మీంచి తొట్టెలు దిగుతాయి, తడి సిమెంటు మీద వరసలు కడతాయి, ఒక్కో వరస వెనక ఒక్కో దళారి నిలబడతాడు. కొనేవాడు వచ్చి చేప కన్ను చూస్తాడు, మొప్ప ఎత్తి రంగు చూస్తాడు, తర్వాత దళారి చెవి దగ్గర నోరు పెట్టి తన ధర ఊదుతాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. పక్కవాడు ఎంతన్నాడో ఎవడికీ తెలియదు. అన్ని ధరలూ తెలిసింది ఆ ఒక్క చెవికే. ధర చాలకపోతే దళారి కూడా చెవిలోనే "ఇంకాస్త" అంటాడు. చివరికి పెద్ద ధర ఎవడిదో వాడి వైపు వేలు చూపిస్తాడు. చేప వాడిదైపోతుంది. మిగిలినవాళ్లు తామెంతకు ఓడిపోయామో తెలియకుండానే పక్క వరసకు వెళ్లిపోతారు.

ఫిలిప్పీన్స్‌లో తయాబాస్ అఖాతం ఒడ్డున ఉన్న ఆ రేవులో ఫెలీసా మరలిత్ చెవికి మంచి పేరుండేది. ఊరంతా ఆమెను ఇసాంగ్ అనేది. యాభై దాటిన పొట్టి మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడలో తువ్వాలు. తల్లి దగ్గర నేర్చుకున్న పని. ఓడిన వాడి ధర బయటపెట్టిన దళారి దగ్గరికి మర్నాడు కాకి కూడా రాదని తల్లి మొదటిరోజే చెప్పింది. ఇసాంగ్ భర్త తెబాన్ అదే రేవులో ఐసు దిమ్మలు కొట్టేవాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె నోటి నుంచి ఒక్క ధర కూడా రాబట్టలేకపోయాడు. "నిద్రలోనైనా కలవరిస్తుందేమోనని చూశాను. నిద్రలో కూడా వేలే చూపిస్తుంది" అని తోటివాళ్లతో అనేవాడు.

ఆ చెవే ఆమెను ముంచింది.

గొంతు ముందు చిన్న గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, తీసేయాలన్నారు. పట్నంలో ప్రైవేటు ఆస్పత్రిలో డాక్టర్ లునార్ కోశాడు. నెమ్మదిగా, ఎదుటివాడికి నమ్మకం కలిగేలా మాట్లాడే మనిషి. మత్తు వదిలి కళ్లు తెరిచేసరికి ఆయన మంచం పక్కన ఉన్నాడు. తెబాన్ బయట బెంచీ మీద ఉన్నాడు, నర్సు గుమ్మం దగ్గర సెలైను సీసాలతో తంటాలు పడుతోంది. ఆయన వంగి ఇసాంగ్ చెవిలో చెప్పాడు.

"ఒక నరం తెగిందమ్మా. నా చేతిలోనే జరిగింది. కొన్నాళ్లకి గొంతు దానంతటదే సర్దుకుంటుంది. మీరు బెంగపడొద్దు."

ఇసాంగ్ తలూపింది. చెవిలో పడ్డ మాటకు ఆమెకు తెలిసిన జవాబు అదే. ఇంటికి వచ్చాక భర్త అడిగాడు, ఇరుగుపొరుగు అడిగారు, ఆమె ఎవరికీ చెప్పలేదు. దాచాలని అనుకుని దాచింది కాదు. చెవిలో చెప్పిన మాటను మళ్లీ నోట్లోకి తెచ్చుకోవచ్చన్న ఊహే ఆమెకు రాలేదు.

గొంతు సర్దుకోలేదు. ఏడాది దాటింది. మాట్లాడితే గాలి పోతున్న సైకిలు ట్యూబులా సగం మాట, సగం గాలి. మంచినీళ్లు తాగితే పొలమారుతుంది, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. రేవులో ఇది ఎలా కనిపించిందో చెప్పనక్కర్లేదు. కొనేవాడు చెవి దగ్గరికి వస్తాడు, ఆమె "ఇంకాస్త" అనబోతుంది, వాడి చెంప మీద గాలీ, దగ్గూ పడతాయి. ఎండుచేపల వ్యాపారి లోలెంగ్ మొదట అంది, "మా అత్తకూ ఇలాగే మొదలైంది. టీబీ." ఆ మాట మాత్రం ఎవరూ చెవిలో చెప్పుకోలేదు. ఇసాంగ్ ప్రభుత్వ ఆరోగ్యకేంద్రానికి వెళ్లి కఫం పరీక్ష చేయించుకుంది. ఏమీ లేదన్నారు. ఆ కాగితం తెచ్చి చూపిస్తే లోలెంగ్ దూరం నుంచే చూసి, "కాగితానిదేముంది వదినా, మా ఆయన దగ్గర డ్రైవింగు వచ్చన్న కాగితం కూడా ఉంది" అంది.

వరస ఖాళీ అయింది. పడవల వాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ కొనేవాళ్లు రాని చోట చేపలు దింపి కుళ్లబెట్టుకోలేరుగదా. ఒకరి తర్వాత ఒకరు పక్క దళారి దగ్గరికి జరిగారు. చివరికి ఇసాంగ్ పెదనాన్న కొడుకుది ఒక చిన్న పడవ మిగిలింది. మొహమాటం కొద్దీ రోజుకో తొట్టె దింపి వెళ్లేవాడు. ఆ తొట్టె ముందు ఆమె ఐసు కప్పుతూ కూర్చునేది. ఎండెక్కాక తెబానే వీధుల్లో అమ్ముకొచ్చేవాడు.

అప్పుడు వెళ్లింది లాయరు దగ్గరికి. లుసెనా పట్నంలో కోర్టు ఎదురుగా, జిరాక్సు కొట్టు పైన ఒక గది. లాయరు పేరు పబెల్లో, ముప్ఫై నిండని అమ్మాయి. ఇలాంటి కేసు ఒక్కటైనా తీర్పు దాకా తీసుకెళ్లాలని చదువుకునే రోజుల నుంచీ ఉవ్విళ్లూరుతోంది.

"డాక్టరు ఒప్పుకున్నాడంటున్నారు. ఎవరు విన్నారు?"

"నేను."

"మీరు కాక."

"చెవిలో చెప్పాడు లాయరమ్మా. ఇంకెవరు వింటారు?"

"పోనీ, ఇంటికొచ్చాక మీవారితో అన్నారా? మీరన్నారని ఆయన సాక్ష్యం చెప్పినా కొంత పనికొస్తుంది."

"అనలేదు."

"అక్కచెల్లెళ్లతో? చర్చిలో ఫాదర్‌తో?"

"చెవిలో చెప్పాడన్నానుగా."

పబెల్లో కలం కింద పెట్టింది. పక్క కుర్చీలో తెబాన్ నోరు తెరుచుకుని పెళ్లాం వైపు చూస్తున్నాడు. అతను ఈ సంగతి వినడం అదే మొదలు.

"నాక్కూడా చెప్పలేదే నువ్వు!"

"నీకు చెబితే రేవులో ఐసు కొట్టే ప్రతివాడికీ చెప్పినట్టే."

"డాక్టరు చెవిలో చెప్పడం, చేప ధర చెవిలో చెప్పడం ఒకటేనా?"

"చెవి ఒకటేగా" అంది ఇసాంగ్, దగ్గుతూ.

పబెల్లో కేసు వేసింది. వేశాక అసలు తిప్పలు మొదలయ్యాయి. డాక్టరు పొరపాటు చేశాడని కోర్టులో చెప్పాల్సింది ఇంకో డాక్టరు. జిల్లాలో గొంతు డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఒకాయన ఇసాంగ్ ముక్కులోంచి సన్నని గొట్టం దింపి చూసి, "ఎడమవైపు కదలడమే లేదు. నరం పోయింది. ఎవరు కోశారు?" అన్నాడు. పేరు చెప్పగానే గొట్టం తుడిచి లోపల పెట్టేసి, "నేను చూసినట్టు ఎక్కడా అనకండి" అన్నాడు. ఇంకొకాయన లునార్‌తో కలిసి చదివాడు, మూడో ఆయన లునార్ దగ్గరే పని నేర్చుకున్నాడు. అందరూ ఒప్పుకునేవాళ్లే, గది తలుపు మూసి ఉన్నంతసేపు. చేపల రేవులోనే గుసగుసలుంటాయనుకునే పట్నం పెద్దలు ఒకసారి ఆస్పత్రి వరండాలో నిలబడి చూడాలి.

ఈలోగా ఊళ్లో సలహాల వాన. క్షమించేస్తే మనసు తేలికవుతుందని ప్రార్థన బృందం ఆడవాళ్లు వచ్చి చెప్పారు. డాక్టర్లు దేవుడి చేతులని ఒకావిడ అంది. క్షమించమన్న వాళ్లలో ఎవరి గొంతూ పోలేదు. కూర్చుంటే అందరూ ఆమెకు కాస్త ఎడంగానే కూర్చున్నారు. ఇసాంగ్ వాళ్లకి కాఫీ పోసింది. కప్పులు ఎవరూ ముట్టుకోలేదు.

జడ్జి విచారణ మొదలుపెట్టకుండా ముందు రాజీకి కూర్చోమన్నాడు. కోర్టు మేడ మీద ఒక గది, బల్ల, ఫ్యాను. మధ్యవర్తిగా రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ. అటువైపు డాక్టర్ లునార్, ఆస్పత్రి తరపు లాయరు. ఆ లాయరు బాగా తయారై వచ్చాడు.

"ఈమె వృత్తి ఏమిటి మేడమ్? గుసగుసలాడటం. వినడం, గుసగుసగా జవాబివ్వడం, వేలు చూపించడం. గొంతు పోయిందనే అనుకుందాం. గుసగుసకు గొంతెందుకు? ఆమె సంపాదనకి నష్టం ఎక్కడ జరిగింది?"

హెడ్మిస్ట్రెస్‌కు ఆ మాట నచ్చినట్టే ఉంది. కళ్లద్దాలు సర్దుకుని ఇసాంగ్ వైపు చూసింది.

"గుసగుస ఉంది బాబూ" అంది ఇసాంగ్. "చెవి దగ్గరికి వచ్చే మొహాలే లేవు. నాకు టీబీ అనుకుంటున్నారు."

"అది పుకారు. పుకారుకు మా క్లయింట్ బాధ్యుడు కాడు."

"మీరిలా రండి. నా పక్కన కూర్చుని ఈ నీళ్లు నేను తాగుతుంటే నా మొహంలో మొహం పెట్టి మాట్లాడండి."

లాయరు కదల్లేదు. ఆ తర్వాత ఆస్పత్రి ఒక మొత్తం ఇస్తానంది. చిన్న మొత్తమేం కాదు. మనీలాలో గొంతు లోపల ఏదో మందు నింపి ఆ కదలని వైపును దగ్గరికి జరుపుతారట. దానికి సరిపోయేంత, పైన కొంత మిగిలేంత. తప్పు జరిగిందని మాత్రం ఎవరూ అనరు. ఒక షరతు. ఆపరేషన్ గురించి, డాక్టరు గురించి, ఆస్పత్రి గురించి ఇసాంగ్ ఇక నోటితోగాని రాతతోగాని ఎవరికీ ఏమీ చెప్పకూడదు.

"అయితే నాకెందుకు దగ్గొస్తోందని అడిగితే ఏం చెప్పాలి?"

"ఏమీ చెప్పకూడదు."

"అప్పుడు టీబీయే అవుతుంది" అంది ఇసాంగ్. లేచి నిలబడింది. "నరం తెగిందని ఈ డాక్టరు గారు పైకి ఒక్క మాట అనాలి. డబ్బు సంగతి తర్వాత."

డాక్టర్ లునార్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన లాయరు ఆయన ముంజేతి మీద చెయ్యి వేశాడు.

కోర్టు బయట పబెల్లో ఆకులో పెట్టిన నూడుల్స్ కొనిపెట్టింది. వెనిగరు చల్లుకుని ఆకును నోటి దగ్గరికి ఎత్తుకుని తినడమే అక్కడి పద్ధతి. నీళ్లలా పొలమారదు కాబట్టి ఇసాంగ్ సుఖంగా తింది. పబెల్లో మొహం వెలిగిపోతోంది. "భలే అన్నారు. మనం తీర్పు దాకా వెళ్దాం. రేపు ఇంకెవరికి ఇలా జరిగినా మీ పేరు మీదున్న తీర్పు చూపిస్తారు."

"నా పేరు మీద చేప అమ్ముడుపోతే చాలు" అంది ఇసాంగ్, మూతి తుడుచుకుంటూ.

తర్వాతి వారంలో ఒకరోజు, పడవలు వచ్చే వేళకి, డాక్టర్ లునార్ రేవుకు వచ్చాడు. ఒక్కడే. మెరిసే బూట్లు వేసుకుని, చేపనీళ్లు తప్పించుకుంటూ కొంగలా అడుగులు వేస్తూ. రేవు మొత్తం ఆయన్ని చూసింది. చుట్టుపక్కల పేటల్లో సగం మంది ఆయన దగ్గర గడ్డలు తీయించుకున్నవాళ్లే. ఇసాంగ్ తన ఒక్క కానాగడత చేపల తొట్టె వెనక పీట మీద ఉంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఇక్కడ మాట్లాడే పద్ధతి ఏదో ఆయనకూ తెలుసు. వంగి, నోరు ఆమె చెవికి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. నరం తెగిన సంగతి ఆస్పత్రికి తాను చెప్పలేదనీ, వచ్చే నెలలో ఆపరేషన్ల విభాగానికి తనను పెద్దను చేయబోతున్నారనీ, సొంత జేబులోంచి వేరేగా ఇస్తాననీ, కేసు వెనక్కి తీసుకుంటే చాలనీ. మధ్యలో ఆమెకు దగ్గు వచ్చింది. ఆయన పక్కకు తప్పుకోలేదు. ఆ దగ్గు ఎక్కణ్నుంచి వస్తుందో ఆ రేవులో తెలిసినవాడు ఆయనొక్కడే.

ఇసాంగ్ ఆయన చెవిలో ఒకే మాట అంది. "ఇక్కడ పైకి చెప్పండి."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. తర్వాత వచ్చిన దారినే కొంగ అడుగులు వేస్తూ వెళ్లిపోయాడు.

మనీలా హోటళ్లకు చేపలు పంపే దమాసో రెండు వరసల అవతల ఒక వంజరం మొప్ప ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రేవులో అందరికంటే పెద్ద బేరం అతనిది. మొప్ప వదిలేసి అన్నాడు, "డాక్టరుగదా. మాస్కు పెట్టుకోలేదేం?"

పక్కవాళ్లు చేతిలో చేపలు దించి అటు తిరిగారు.

"మొహం మీద దగ్గింది కూడా" అన్నాడు దమాసో. "కదల్లేదు మనిషి."

లోలెంగ్ మెల్లగా అంది, "వాళ్లకి మందులుంటాయిలే."

"టీబీకి మాస్కు పెట్టుకోని డాక్టర్ని నేను చూడలేదు. నువ్వు చూశావా? మా బావమరిది టీబీతో పోయినప్పుడు డాక్టర్లు మనుషుల్లా కాదు, వ్యోమగాముల్లా వచ్చారు."

అతను నడుచుకుంటూ వచ్చి ఇసాంగ్ తొట్టె ముందు నిలబడ్డాడు. కానాగడత ఒకటి ఎత్తి చూశాడు. అతనికి కానాగడతలతో పనే లేదు, హోటళ్ల వాళ్లు అడగరు. వంగి ఆమె చెవిలో ఒక ధర ఊదాడు. అది చాలా తక్కువ ధర.

ఇసాంగ్ అతని చెంప మీదుగా గాలి వదులుతూ అంది, "ఇంకాస్త."

ఆ సంగతి చూసి లోలెంగ్ ఊరుకోలేకపోయింది. ఏ తొట్టె ముందైనా దమాసో అంత వంగాడంటే అందులో ఏదో ఉందన్నది ఆమె వ్యాపార సూత్రం. ఆమె కూడా వచ్చి, కాస్త ఊపిరి బిగబట్టి, చెవి దగ్గర తన ధర చెప్పింది. ఇసాంగ్ ఆలోచించినట్టు మొహం పెట్టింది. అలా మొహం పెట్టి ఎన్నాళ్లయిందో. లోలెంగ్ వైపు వేలు చూపించింది.

దమాసో నవ్వాడు. "సరే పోయింది. ఇంతకీ డాక్టరేమన్నాడు అక్కా?"

"నువ్వెంతన్నావో లోలెంగ్‌కి చెప్పమంటావా?"

"అమ్మో, వద్దు."

"మరి?"

ఆ వారంలో ఒక పడవ తిరిగి వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి.

పబెల్లోకి సంగతి తెబాన్ ద్వారా చేరింది. ఆ అమ్మాయి పరుగున రేవుకే వచ్చింది, ఎత్తు మడమల చెప్పులతో. "అతనంతట అతనే వచ్చాడు. రాజీ గదిలో అన్నవి కోర్టులో పనికిరావు. ఇది రాజీ గది కాదు. చూసినవాళ్లు బోలెడుమంది. ఏమన్నాడో మీరు ప్రమాణం చేసి చెబితే చాలు."

"చెప్పను."

"ఎందుకు?"

"వాళ్లంతా చూస్తుండగా చెవిలో చెప్పాడు. ఇప్పుడు నేనది కోర్టులో చెబితే, రేపు దమాసో తన ధర నాకు చెబుతాడా?"

"కేసు మీదా, నాదా?"

"కేసు నాదే. చెవి కూడా నాదే."

రెండోసారి రాజీకి కూర్చున్నారు. ఆస్పత్రి లాయరు అదే షరతు ముందు పెట్టాడు, నోరు విప్పకూడదని. పబెల్లో ఫైలు మూసేసి లేవబోయింది. ఇసాంగ్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"షరతు ఉండనీ. ధర చాలదు."

పబెల్లో ఆమె వైపు తిరిగింది. "పోయినసారి ఈ షరతు గురించేగా లేచి వచ్చేశాం?"

"పోయినసారి నా చెవి దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు."

హెడ్మిస్ట్రెస్ ఇరుపక్షాలనూ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అటూ ఇటూ తిరిగింది. వాళ్లన్నది ఇక్కడ మెల్లగా చెబుతుంది, ఇక్కడన్నది అక్కడ మెల్లగా. ఇసాంగ్‌కు ఆ పని పుట్టింటికొచ్చినట్టుగా ఉంది. ప్రతిసారీ ఆవిడ చెవి దగ్గర ఒకే మాట అంది, "ఇంకాస్త." మూడుసార్లు అటు వెళ్లొచ్చాక ఆవిడ మొహం చూసి, ధర ఇక పెరగదని తెలుసుకుని, తలూపింది. నోరు మూసుకోవడమే వృత్తిగా బతికిన మనిషికి, నోరు మూసుకోమని ఆస్పత్రి అంత డబ్బు ఇచ్చింది.

సంతకాలయ్యాక మెట్ల మీద పబెల్లో ఆగిపోయింది. అంది, "మీకు అందాల్సింది అందింది, సంతోషమే. ఆయన వచ్చే నెల విభాగానికి పెద్ద అవుతాడని ఆస్పత్రిలో చెప్పుకుంటున్నారు. రేపు ఇంకొకరి గొంతు కోస్తాడు. వాళ్లకి ఎవరు చెబుతారు? మీరు చెప్పలేరు, నేను చెప్పలేను."

"మీ మాట నిజమే" అంది ఇసాంగ్, రెయిలింగు పట్టుకుని దిగుతూ.

మనీలాలో మందు నింపించుకున్నాక నీళ్లు పొలమారడం తగ్గింది. గొంతు మాత్రం పాత గొంతు కాలేదు. బొంగురుగా, మగవాడి గొంతులా ఉంటుంది. "ఇప్పుడు ఫోనులో మా మామయ్య మాట్లాడినట్టుంది" అంటాడు తెబాన్. ఇసాంగ్ వరస మళ్లీ నిండింది. దమాసో ఆమె చెవిలో ఎప్పటిలాగే తక్కువ ధర ఊదుతాడు, ఆమె ఎప్పటిలాగే ఇంకాస్త అంటుంది.

రేవులో అప్పుడప్పుడు ఎవరో ఒకరికి గొంతు మీద గడ్డ లేస్తుంది. ఆ నీటికో ఏమో, ఆ ప్రాంతంలో అది మామూలే. ఈమధ్య పడవవాడి పెళ్లాం ఒకతె వచ్చింది, మెడకు రుమాలు చుట్టుకుని. "అక్కా, నువ్వు చేయించుకున్నావుగా. ఇక్కడ పట్నంలో చేయించుకోమంటావా? మంచి డాక్టరంటున్నారు."

ఇసాంగ్ నోరు విప్పలేదు. ఏమీ రాయలేదు. మెడలో తువ్వాలు తీసి, గొంతు మీద మచ్చను ఒక వేలితో తాకింది. తర్వాత ఆ వేలినే ఎత్తి, రేవు గేటు దగ్గర ఆగి ఉన్న మనీలా బస్సు వైపు చూపించింది.